ఎల్ కోర్టెజ్‌కు నగరం అండ కావాలి

లాస్ వేగస్ మేయర్ షెల్లీ బర్క్‌లీ గారికి,

నమస్కారం. నేను ఈ ఊళ్లో స్థిరపడిన తెలుగువాణ్ణి. ఫ్రీమాంట్ స్ట్రీట్‌లోని ఎల్ కోర్టెజ్ కేసినో గురించి మీకొక విన్నపం.

1941 నవంబరులో దాన్ని తెరిచినప్పుడు, ఊరికి దూరంగా ఉంది, ఎవరొస్తారని పెదవి విరిచినవాళ్లున్నారు. నాలుగేళ్లు తిరక్కుండానే లాభాలు చూసి మాఫియా ముఠా నాయకులు బగ్సీ సీగెల్, మెయర్ లాన్‌స్కీల బృందం 6 లక్షల డాలర్లకు కొనేసింది. మరుసటి ఏడాది లాభానికి అమ్మి, ఆ సొమ్ము స్ట్రిప్ అనే పెద్ద కేసినోల వీధిలో ఫ్లెమింగో హోటల్ కట్టడానికి తరలించింది. స్ట్రిప్ ఎదుగుదలలో ఈ చిన్న కేసినో డబ్బు కూడా ఉందన్నమాట.

టూరిస్టులకు అందరూ సీగెల్ కథే చెబుతారు. నాకు మాత్రం 1963లో దాన్ని కొన్న జాకీ గాన్ అంటే ఎక్కువ గౌరవం. ఆయన కాపురం ఆ కేసినో పైఅంతస్తులోనే. కిందికి దిగొచ్చి, మామూలు జనం మధ్య కూర్చుని పోకర్ ఆడేవారు. 2008లో అమ్మేశాక కూడా ఆ ఇల్లు వదల్లేదు. 2014లో కన్నుమూసేదాకా అక్కడే ఉన్నారు. యజమానే పైన కాపురముంటే కింద గోడలు ఎవరు పడగొడతారు? ఆ భవనం నిలవడానికి అదే పెద్ద కారణమని నా నమ్మకం.

పాత విభాగంలో గదులకు ఇప్పటికీ మెట్లెక్కే వెళ్లాలి. నాణేలు వేసి ఆడే స్లాట్ మెషీన్లు అక్కడ ఇంకా ఉన్నాయి. గెలిస్తే కింద రేకు తొట్టిలో గలగలమని చిల్లర రాలుతుంది. మిగతా చాలా చోట్ల చేతికొచ్చేది గెలిచిన మొత్తం అచ్చేసిన కాగితం ముక్కే.

2013లో ఎల్ కోర్టెజ్ జాతీయ చారిత్రక స్థలాల జాబితాకెక్కింది. సంతోషమే. కానీ రేపు ఏ యజమాని అయినా సొంత ఖర్చుతో కూల్చుకుంటానంటే ఆ జాబితా ఆపలేదు. మీ నాన్నగారు వెయిటర్‌గా పనిచేసిన శాండ్స్ హోటల్‌ను 1996లో పేల్చి కూల్చేశారు. ఆ బాధ మీకు ఒకరు చెప్పనక్కర్లేదు. శాండ్స్ ఉన్న స్ట్రిప్ కౌంటీ (జిల్లా) పరిధిలోది. ఫ్రీమాంట్ స్ట్రీట్ మాత్రం మీ నగరంలోనే ఉంది.

అందుకే అడుగుతున్నాను. ఇప్పటి యజమానులతో మాట్లాడి, 1941 నాటి ఆ పాత భవనానికి, పైకప్పు మీది నియాన్ బోర్డుకు నగరం తరఫున రక్షణ కల్పించండి. కౌన్సిల్‌లో చర్చ పెట్టిన రోజు అక్కడ ఏళ్ల తరబడి పనిచేస్తున్న, పేకముక్కలు పంచే డీలర్లను, హౌస్‌కీపింగ్ వాళ్లను పిలిచి మాట్లాడనివ్వండి.

ఇట్లు,
మీ నగరవాసి