ఆ మూడు రోజులు ఐసు ఎందుకు ఇవ్వలేకపోయానంటే

మన ఐసు ప్లాంటుకు వచ్చే రొయ్యల రైతులకు, బోటు యజమానులకు, చేపల వ్యాపారులకు నమస్కారం.

అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది. మర్నాటి నుంచి మూడు రోజులు మన గేటు దగ్గరికి వచ్చినవాళ్ళని ఖాళీ వ్యాన్లతో తిప్పి పంపాను. మా నాన్నగారు ఈ ప్లాంటు పెట్టాక ఇలా ఎప్పుడూ జరగలేదు. 1996 నవంబరు తుఫానుకి కోనసీమలో కొబ్బరి తోటలు నేలకూలి, రోజుల తరబడి కరెంటు లేనప్పుడు కూడా ఆయన జనరేటర్ మీద ఐసు తీశారు. మీలో పెద్దవాళ్ళకి అది గుర్తే. అందుకే ఒక పెద్దాయన గేటు దగ్గర నిలబడి, "మీ నాన్న ఉంటే ఈ మాట వచ్చేదంటావా అబ్బాయ్?" అన్నారు. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు చెబుతున్నాను.

ప్లాంటు అమ్మేస్తున్నానని, సోలార్ పెట్టి మునిగిపోయానని రాజోలు చుట్టుపక్కల అనుకుంటున్నారట. రెండూ నిజం కాదు.

తుఫాను హెచ్చరికలు రాగానే చాలామంది కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్నది) చూసుకోకుండా చెరువుల్లో పట్టుబడులు చేసేశారు. 27 సాయంత్రానికే మన దగ్గర నిల్వ అయిపోయింది. పెద్ద ఐసు దిమ్మ పూర్తిగా గడ్డ కట్టాలంటే ఒకటిన్నర నుంచి రెండు రోజులు పడుతుంది. చుట్టూ గట్టిపడినా నడుమ నీళ్ళు మిగిలి ఉంటాయి. ఆ దశలో కరెంటు పోతే అప్పటిదాకా పడ్డ కష్టం కూడా పోతుంది. ఆ రాత్రి అదే జరిగింది. మన లైనులో స్తంభాలు పడిపోయాయి. లైన్‌మన్లు వానలో తడుస్తూ పనిచేయడం నేను చూశాను, వాళ్ళని ఒక్క మాట అనను.

మరి జనరేటర్ ఏమైందని అడిగారు. అమ్మేశాను. తప్పు అక్కడ జరిగింది, అది నాదే.

మొన్న వేసవిలో, వేట నిషేధం ఉన్న ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 మధ్య, బోట్ల గిరాకీ ఉండదు కాబట్టి షెడ్డు మీద 60 కిలోవాట్ల సోలార్ ప్యానెళ్ళు వేయించాను. బ్యాంకు లోనుకి మన వాటా డబ్బు తక్కువ పడింది. కాంట్రాక్టరు వచ్చి, "హైబ్రిడ్ ఇన్వర్టర్లు ఇస్తున్నాం కదండీ, లైను లేకపోయినా పగలు ఒక కంప్రెసర్ నడుస్తుంది, ఇంకా ఆ పాత జనరేటర్ ఎందుకండీ?" అన్నాడు. వారం రోజులు నిద్ర పట్టలేదు. అది నాన్నగారు కొన్నది. దాని చప్పుడు వింటూ పెరిగాను. మా అమ్మ వద్దంది. చివరికి నేనే సంతకం పెట్టి లారీ ఎక్కించాను. లారీ మలుపు తిరిగేదాకా అమ్మ వీధి అరుగు మీద నిలబడి చూసింది.

తుఫాను వెళ్ళాక 30వ తేదీన బ్రహ్మాండమైన ఎండ కాసింది. ప్యానెళ్ళన్నీ బాగానే ఉన్నాయి. కంప్రెసర్ మాత్రం కదలలేదు. కొటేషన్‌లో హైబ్రిడ్ అని రాసి, బిగించింది మామూలు ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్లు. లైనులో కరెంటు లేకపోతే ఇవి వాటంతటవే ఆగిపోతాయి. తీగల మీద పనిచేసేవాళ్ళకి మన ప్యానెళ్ళ కరెంటు తగిలి ప్రాణం పోకూడదని అలా తయారుచేస్తారు. అది మంచి ఏర్పాటే, దాన్ని తప్పు పట్టను. నాకు అమ్మింది ఒకటి, పెట్టింది ఇంకొకటి. డబ్బాలు విప్పుతున్నప్పుడు నేను పక్కనే ఉన్నాను, వాటి మీద రాసింది చదవలేదు.

ఫోను చేస్తే మొదటి రోజు "మనుషులు బయలుదేరారండి" అన్నారు. రెండో రోజు దారిలో చెట్లు పడ్డాయన్నారు. మూడో రోజు ఫోను ఎత్తలేదు. మా బావమరిది ఫోను నుంచి చేస్తే ఎత్తి, ఒక ఇన్వర్టర్‌లోకి ఉప్పునీటి చెమ్మ చేరి బోర్డు కాలిపోయి ఉంటుందని, ఉప్పుగాలికి వారంటీ వర్తించదని చెప్పారు. సముద్రం పక్కన ఊరికి సోలార్ అమ్మినప్పుడు ఈ గాలి సంగతి తెలియదా? కేబుల్ లోపలికి వెళ్ళే చోట సీలు సరిగా వేయలేదు. ఆరు నెలలు తిరక్కుండానే బోల్టులకు తుప్పు పట్టింది. ఆ కాంట్రాక్టరు పేరు ఇక్కడ రాయను. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేశాను, అక్కడే తేల్చుకుంటాను. కొత్త బోర్డు నా డబ్బుతో వేయించాను, రెండు ఇన్వర్టర్లూ ఇప్పుడు నడుస్తున్నాయి.

ప్యానెళ్ళు పీకేసి పెద్ద డీజిల్ జనరేటర్ పెట్టుకోమని బావమరిదితో సహా చాలామంది అన్నారు. ప్యానెళ్ళు పీకను, డీజిల్ మీదే నడపను. మొండితనం అనుకున్నా ఫర్వాలేదు.

మనం రోజుకి 15 టన్నులు తీస్తే దాదాపు 900 యూనిట్లు కాలుతుంది. ఎండ ఉన్న రోజు కప్పు మీద నుంచి 240 యూనిట్ల దాకా వస్తోంది. మిగతాది లైను కరెంటు. మన దేశంలో కరెంటు ఎక్కువ భాగం ఇప్పటికీ బొగ్గుతోనే తయారవుతుంది, యూనిట్‌కి సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలుస్తుంది. డీజిల్ దాని కన్నా మెరుగు కాదు. లీటరు కాలిస్తే 2.7 కిలోలు, వచ్చేది మూడు యూనిట్ల పైచిలుకు. సముద్రం వేడెక్కే కొద్దీ తుఫాన్లు త్వరగా ముదురుతాయని శాస్త్రవేత్తలు చెబుతూనే ఉన్నారు. ఆ తుఫానుకి ముందు దెబ్బ తినేది మన చెరువులు, మన బోట్లు. మన ఐసు కోసం ఆ వేడిని నా చేతులతో పెంచలేను.

మన కాళ్ళ కింద గ్యాసు ఉంది కదా అనేవాళ్ళూ ఉన్నారు. 1995 జనవరిలో పాశర్లపూడి గ్యాసు బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండింది. అప్పుడు నేను చిన్నవాణ్ణి, రాత్రి పూట ఆకాశం ఎర్రగా ఉండేది. 2014 జూన్ 27న నగరం గ్రామంలో గ్యాసు పైపు పేలి ఎన్ని ఇళ్ళు ఏడ్చాయో మీకు నేను చెప్పాలా? 2009లో కాకినాడ దగ్గర సముద్రంలోని కేజీ-డీ6 క్షేత్రం నుంచి గ్యాసు మొదలైనప్పుడు ఇక కరెంటుకి లోటుండదన్నారు. కొన్నేళ్ళకే ఉత్పత్తి పడిపోయింది, గోదావరి జిల్లాల్లో కట్టిన గ్యాసు విద్యుత్ ప్లాంట్లు ఏళ్ళ తరబడి పని లేకుండా ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో విద్యుత్ కొరతతో పరిశ్రమలకు పవర్ హాలిడే ఇచ్చారు. ఆ నెలంతా మనం డీజిల్ మీద బతికాం. సోలార్ ఆలోచన అప్పుడే మొదలైంది.

ఇంకో లెక్క కూడా ఉంది. 10 కిలోవాట్లు దాటిన వ్యాపార, పరిశ్రమ కనెక్షన్లకు 2024 ఏప్రిల్ నుంచి సౌర గంటల్లో (పగలు ఎండ ఉండే గంటల్లో) కనీసం 20 శాతం తక్కువ, గిరాకీ గంటల్లో ఎక్కువ రేటు ఉండాలని కేంద్రం 2023లో నిబంధన తెచ్చింది. బ్యాటరీలు కొనే స్తోమత నాకు లేదు. కానీ పగలు గట్టిగా నడిపి దిమ్మలు తీసి దాచుకుంటే ఆ ఎండంతా ఐసు గదిలో నిల్వ ఉన్నట్టే. అందుకని నిల్వ గది గోడలకు బయటి వేడిని ఆపే పఫ్ (ఫోమ్) ప్యానెళ్ళు వేయిస్తున్నాను. సాయంత్రం ఆరు నుంచి పది దాకా కంప్రెసర్ ఆపుతాం. ఆ సమయంలో లోడింగ్ మాత్రం మామూలుగానే ఉంటుంది.

జనరేటర్ కూడా మళ్ళీ కొన్నాను. 125 కేవీఏ, సెకండ్ హ్యాండ్‌ది. పాతదాన్ని అమ్మినదానికి రెట్టింపు పైన పడింది. లైను లేనప్పుడు తప్ప దాన్ని తిప్పను. ఒక రోజు అమ్మకానికి సరిపడా దిమ్మలు ఎప్పుడూ గదిలో ఉంచుతాను. తుఫాను హెచ్చరిక వస్తే ఆ నిల్వ మన పాత ఖాతాలకే, బయటవాళ్ళకి అమ్మను. పట్టుబడి ఉంటే ముందు రోజు సాయంత్రంలోపు చెప్పండి. సంక్రాంతి దాకా రేటు పెంచను.

ఆ మూడు రోజుల్లో బయట ఎక్కువ రేటుకి కొన్నవాళ్ళు చీటీ చూపిస్తే, తేడా మీ బిల్లులో తగ్గిస్తాను. చీటీ పోయినా ఫర్వాలేదు, మీ మాట చాలు.

గేటు దగ్గర ఆ మాట అన్న పెద్దాయన ఇంటికి మొన్న నేనే వెళ్ళాను. ఈ ఆదివారం ఆయన చెరువు పట్టుబడికి 40 దిమ్మలు రాయించుకున్నారు. శనివారం రాత్రికే తీసి పక్కన పెడతాను.