పులుపు ఎక్కడికి పోతుంది?

ప్రియమైన రాఘవా,

నీ ఉత్తరం చేరి పది రోజులైంది. కాయ పండుతుంటే దానిలోని పులుపంతా తీపిగా మారిపోతుందని నువ్వు రాసిన వాక్యం దగ్గరే ఆగిపోయి జవాబు ఆలస్యం చేశాను. చిన్నప్పటి నుంచి మనందరం అనుకునే మాటే అయినా, అందులో నిజం పాలు చాలా తక్కువ. పండులోని తీపిలో అధిక భాగం ఆకుల నుంచి వచ్చి చేరిన చక్కెర; అరటి, మామిడి వంటివాటిలోనైతే కాయ ముందే దాచుకున్న పిండిని ఎమైలేజ్ వంటి ఎంజైములు విడగొట్టగా వచ్చినది. పులుపు కథ వేరు.

పిందె పెరిగే రోజుల్లో ఫాస్ఫోఈనాల్ పైరువేట్ కార్బాక్సిలేజ్ అనే ఎంజైము (ఈ పేరు పెట్టినవాళ్లను నువ్వు తిట్టుకుంటావని తెలుసు) ఆక్సాలోఅసిటేట్‌ను తయారుచేస్తే, మాలేట్ డీహైడ్రోజినేజ్ దానిని మాలిక్ ఆమ్లంగా మారుస్తుంది. 1785లో స్వీడన్ రసాయన శాస్త్రవేత్త షీలే ఆపిల్ రసం నుంచి మొదటిసారి వేరుచేసినది ఈ ఆమ్లాన్నే. అంతకు ముందు ఏడాదే ఆయన నిమ్మరసం నుంచి సిట్రిక్ ఆమ్లాన్ని స్ఫటికాలుగా రాబట్టాడు. తయారైన ఆమ్లం కణద్రవ్యంలో ఉండిపోకుండా, కణంలో అత్యధిక భాగాన్ని ఆక్రమించే రిక్తికలోకి, అంటే పొర చుట్టిన నీటి సంచిలోకి, చేరుతుంది.

అసలు చూడవలసినది అక్కడే. నిన్న ఒక నిమ్మచెక్క పిండి, ఒక్క బొట్టు పీహెచ్ కాగితం మీద వేశాను; కాగితం ఎర్రబారి 2 దగ్గర నిలిచింది (పీహెచ్ ఆమ్లత్వానికి కొలత; అంకె ఎంత తక్కువైతే పులుపు అంత ఎక్కువ). ఆ రసమంతా నిన్నటిదాకా రిక్తికలలో ఉన్నదే, దానిని ఆనుకుని ఉన్న కణద్రవ్యం పీహెచ్ మాత్రం ఇంచుమించు 7. అంటే కొన్ని నానోమీటర్ల మందమున్న పొరకు అటూ ఇటూ హైడ్రోజన్ అయాన్ల గాఢతలో లక్ష రెట్ల తేడా! ఈ తేడాను నిలిపేవి ఆ పొరలోని పంపులు; అవి శక్తిని ఖర్చుచేస్తూ ప్రోటాన్లను, అంటే ఆ హైడ్రోజన్ అయాన్లనే, లోపలికి నెడుతూనే ఉంటాయి. పులుపును విరిచే ఎంజైములు పొరకు ఇవతల ఉంటే, పులుపు అవతల ఉంటుంది. కాబట్టి పులుపు తగ్గడమన్నది ఎంజైము ఎంత ఉన్నదనే దానితో పాటు తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందనే దాని మీద కూడా ఆధారపడి ఉందని నేను నమ్ముతున్నాను.

ద్రాక్షలో ఇది బాగా కనిపిస్తుంది. కాయ మెత్తబడి రంగు తిరగడం మొదలవగానే మాలిక్ ఆమ్లం రిక్తికల నుంచి బయటికి వస్తుంది. మాలిక్ ఎంజైము దానిలో నుంచి ఒక కార్బన్‌ను బొగ్గుపులుసు వాయువుగా తీసివేసి పైరువేట్‌ను మిగుల్చుతుంది. మరికొంత మైటోకాండ్రియాలో శ్వాసక్రియకు ఇంధనమవుతుంది. ఇంతకుముందు ఆమ్లాన్ని తయారుచేసిన ఆ మాలేట్ డీహైడ్రోజినేజే ఇప్పుడు వెనక్కి నడిచి దానిని ఆక్సాలోఅసిటేట్‌గా మారుస్తుంది, ఎందుకంటే ఆ చర్య రెండు దిక్కులా నడవగలదు. ఆక్సాలోఅసిటేట్ నుంచి మరో ఎంజైము ద్వారా చక్కెర దారి పట్టే భాగమూ లేకపోలేదు గాని, అది కొద్దిపాటిదే. నీ మాటలో నిజం అంతవరకే.

వేడి ఎక్కువైన కొద్దీ మాలిక్ ఆమ్లం త్వరగా ఖర్చవుతుంది. అందుకే చల్లని ప్రాంతపు ద్రాక్షలో పులుపు ఎక్కువగా నిలుస్తుంది. అదే కాయలోని టార్టారిక్ ఆమ్లాన్ని మాత్రం శ్వాసక్రియ దాదాపు ముట్టుకోదు. ఒకే గదిలో రెండు ఆమ్లాలు ఉండగా ఒకటి కరిగిపోయి ఇంకొకటి మిగలడం నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

సిట్రిక్ ఆమ్లానిది మరో దారి. అకోనిటేజ్ అనే ఎంజైము దానిని ఐసోసిట్రేట్‌గా మారుస్తుంది, ఆ తరువాత అది గ్లుటమేట్ అనే అమైనో ఆమ్లం దాకా పోగలదు. గ్లుటమేట్‌ను గాబా అనే మరో అమైనో ఆమ్లంగా మార్చే ఎంజైము ఒక్కో అణువుకు ఒక ప్రోటాన్‌ను ఖర్చుచేస్తుంది కనుక కణద్రవ్యంలోని ఆమ్లత్వం కూడా తగ్గుతుంది. నిమ్మ మాత్రం పండినా తన పులుపును పెద్దగా వదలదు. అరటిదైతే పూర్తిగా ఎదురు నడక, మాగుతున్నప్పుడు దానిలో ఆమ్లం పెరుగుతుంది. పిండి నుంచి వచ్చిన తీపి ముందు అది మన నాలుకకు తెలియదు.

నెలల తరబడి శీతల గిడ్డంగిలో ఉన్న ఆపిల్ చప్పగా ఎందుకుంటుందని కూడా అడిగావు. కోసిన తరువాత కూడా ఆ కాయ శ్వాసిస్తూనే ఉంటుంది, అందుకు మాలిక్ ఆమ్లాన్ని కాల్చుకుంటుంది. చల్లదనం, ఆక్సిజన్ తగ్గించిన గాలి ఆ ఖర్చును నెమ్మదింపజేస్తాయే గాని ఆపలేవు. ఈసారి అలాంటి ఆపిల్ దొరికితే తాజాదాని పక్కన పెట్టి రెండింటినీ కొరికి చూసి, తేడా ఏమనిపించిందో రాయి.

ఇట్లు,
నీ మిత్రుడు