మావారిని మోసిన చేతులన్నిటికీ వందనాలు

అందరికీ ప్రభువు పేరిట వందనాలు.

మావారికి బ్రెయిన్ స్ట్రోక్ వచ్చిన దగ్గర్నుంచి ఎంతమంది ఎన్ని రకాలుగా ఆదుకున్నారో చెప్పలేను. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి మాట్లాడే ఓపిక నాకింకా రాలేదు. అందుకే అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. ఆయన ఇప్పుడు కర్ర పట్టుకుని గదిలో ఆ చివర నుంచి ఈ చివరకు నడుస్తున్నారు. కుడిచేయి ఇంకా పూర్తిగా స్వాధీనంలోకి రాలేదు. మాట కొంత వచ్చింది, కొంత రావాలి.

ముందుగా మా పక్కింటి అబ్బాయికి. "ఆంటీ, అంకుల్ నోరు ఒక పక్కకి జారింది, చెయ్యి కూడా లేవట్లేదు, ఇంక ఆగొద్దు" అన్నది అతనే. "కాసేపు పడుకోబెడితే సర్దుకుంటుంది, దేవుడే చూసుకుంటాడు" అని ఇంట్లో మాటలు సాగుతుండగానే కారు తీశాడు. మెదడులో గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే ఇంజెక్షన్ ఉంటుందట. అది లక్షణాలు మొదలైన 4.5 గంటల లోపు ఇస్తేనే ఉపయోగమని డాక్టరు గారు తర్వాత చెప్పారు. మేం ఆ సమయంలోపే చేరాం. ఈ పోస్టు చదివే ప్రతి ఒక్కరూ ఇది గుర్తుపెట్టుకోండి: ముఖం ఒక వైపు జారినా, చెయ్యి పడిపోయినా, మాట ముద్దగా వచ్చినా క్షణం ఆలస్యం చేయకండి. ప్రార్థన దారిలో కూడా చేసుకోవచ్చు. బైబిల్లో జబ్బుతో చావుకు దగ్గరైన హిజ్కియా రాజుకు దేవుడు 15 ఏళ్ల ఆయుష్షు పెంచుతానని మాటిచ్చాడు కదా, అప్పుడు కూడా యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద కట్టించాడు. దేవుణ్ణి నమ్మడానికీ వైద్యం చేయించుకోవడానికీ గొడవేం లేదు.

రాత్రిళ్లు ఆసుపత్రిలో కాపలా ఉండటానికి వంతులు వేసుకున్న సంఘ యువకులకు, నాతో ఒక్క మాటైనా అనకుండా బిల్లు కౌంటర్లో డబ్బు కట్టి వెళ్లినవాళ్లకు, పిల్లల్ని తమ ఇంట్లో ఉంచుకుని స్కూలుకు పంపిన అక్కకు, ఫిజియోథెరపీ చేసిన అమ్మాయికి కృతజ్ఞతలు. ఆ అమ్మాయి మావారి వేళ్లను ఒక్కొక్కటిగా విప్పి, మళ్లీ మడిచి, ప్రతిసారీ ఆయన కళ్లలోకి చూసి "బాగా చేశారు సార్" అనేది. వేలు కదలని రోజు కూడా అదే మాట, అదే గొంతు.

ఇక మా సంఘ పెద్ద గారి గురించి కాస్త ఎక్కువ రాయాలి. ఆయన చేసిన సాయం బయటికి కనబడేది కాదు.

ఆ రోజుల్లో నా ఫోన్ నిండా ధైర్యం చెప్పే మెసేజ్‌లే. "మోయలేని భారం దేవుడు ఇవ్వడు." "ఏం జరిగినా మన మంచికే." "నీ ప్రయత్నం నువ్వు చెయ్యి, అప్పుడే దేవుడు సాయం చేస్తాడు." "పాజిటివ్‌గా ఆలోచించు, విశ్వం అన్నీ తెచ్చిపెడుతుంది." అన్నీ ప్రేమతో పంపినవే. పంపిన ప్రతి ఒక్కరి ప్రేమకూ నేను రుణపడి ఉంటాను. కానీ ఐసీయూ బయట కుర్చీలో కూర్చుని వాటిని చదువుతుంటే గుండె ఇంకా బరువెక్కేది. భారం మోయగలిగినవాళ్లకే ఇస్తాడంటే, నేను మోయలేకపోతున్నానే, మరి నా విశ్వాసంలోనే లోపం ఉందా అని టెన్షన్ పట్టుకునేది.

పెద్ద గారు వచ్చి పక్కన కూర్చునేవారు. చాలాసేపు ఏమీ మాట్లాడేవారు కాదు. బైబిల్లో అన్నీ పోగొట్టుకున్న యోబును ఓదార్చడానికి వచ్చిన స్నేహితులు కూడా మొదటి 7 రోజులు అలాగే నేల మీద కూర్చున్నారు. వాళ్లు చేసిన మేలు అదేననీ, నోరు తెరిచాకే చెడగొట్టారనీ నాకెప్పుడూ అనిపిస్తుంది. నేను ఫోన్ చూపించి అడిగితే మాత్రం పెద్ద గారు ఒకటే అనేవారు: "ఆ వచనానికి ముందూ వెనకా చదువమ్మా."

"మోయలేని భారం ఇవ్వడు" అన్న మాట బైబిల్లో ఎక్కడుందో వెతికాం. అందరూ చూపించేది మొదటి కొరింథీయులకు 10:13. పైనుంచి చదివితే అక్కడ పౌలు చెబుతున్నది అరణ్యంలో ఇశ్రాయేలీయులు విగ్రహాల వెంట పడటం గురించి, సణగడం గురించి. పాపంలోకి లాగే శోధన వచ్చినప్పుడు తప్పించుకునే దారి కూడా దేవుడు చూపిస్తాడని ఆయన మాట. జబ్బులూ చావులూ మన బలాన్ని తూచి వస్తాయని అక్కడ లేదు. ఆ పౌలే కొరింథీయులకు రాసిన రెండో పత్రిక మొదటి అధ్యాయంలో, ఆసియలో తమకు వచ్చిన శ్రమ తమ శక్తికి మించిపోయిందనీ, బతుకుతామన్న ఆశ కూడా పోయిందనీ దాచుకోకుండా రాశాడు. తమ మీద తాము కాక, చనిపోయినవాళ్లను లేపే దేవుని మీద ఆనుకోవడానికే అలా జరిగిందన్నాడు. అది చదివి నేను ఆ వరండాలోనే ఏడ్చాను. మోయలేకపోవడం అపనమ్మకం కాదని అంత పెద్ద అపొస్తలుడు చెబుతుంటే ఎంత ఊరటో!

"ఏం జరిగినా మన మంచికే" అన్నదానికి, దేవుణ్ణి ప్రేమించేవాళ్లకు అన్నీ కలిసి మేలుకే జరుగుతాయనే రోమీయులకు 8:28 దగ్గరికి తీసుకెళ్లారు. తర్వాతి వచనం చదివితే ఆ మేలు ఏమిటో తెలిసింది: మనం క్రీస్తు పోలికలోకి మారడం. స్ట్రోక్ మంచిదని ఆ వాక్యం అనడం లేదు. అదే అధ్యాయంలో సృష్టి అంతా మూలుగుతోందని రాసి ఉంది. రెండు వచనాలు పైకి వెళ్తే, ఎలా ప్రార్థించాలో మనకు తెలియనప్పుడు "ఉచ్చరింప శక్యముకాని మూలుగులతో" ఆత్మే మన పక్షాన విజ్ఞాపన చేస్తాడని ఉంది. అప్పటికి మావారి నోట ఒక్క మాట రావడం లేదు. ఏదో చెప్పబోతే గొంతులో శబ్దం తప్ప అక్షరం పలికేది కాదు, కోపంతో మంచం కమ్మీని ఎడమచేత్తో కొట్టేవారు. ఆ సాయంత్రం ఈ వచనం ఆయన చెవి దగ్గర చదివాను. మళ్లీ చదవమని వేలితో పుస్తకం చూపించారు. మళ్లీ చదివాను. చాలాసార్లు చదివించుకున్నారు.

తనకు తాను సాయం చేసుకునేవాడికే దేవుడు సాయం చేస్తాడన్న మాట చాలామంది వాక్యమనే అనుకుంటారు. బైబిల్లో ఆ మాటే లేదు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1736లో తన పంచాంగంలో అచ్చువేశాడు, అంతకంటే ముందు గ్రీకుల నీతికథల్లోనూ ఆ భావం ఉంది. సోమరితనం వద్దని చెప్పడానికైతే మంచి మాటే, పౌలు కూడా పని చేయనివాడు తినకూడదన్నాడు. కానీ పక్క మీద తనంతట తాను ఒత్తిగిలలేని మనిషికి ఆ మాట ఎలా చెబుతాం? "మనమింక బలహీనులమై యుండగా" క్రీస్తు మన కోసం చనిపోయాడని కదా సువార్త.

మార్కు 2వ అధ్యాయంలో పక్షవాయువు గలవాడి సంగతి చిన్నప్పటి నుంచి విన్నదే. ఈసారి మాత్రం నా కళ్లు మోసినవాళ్ల మీదే ఆగాయి. నలుగురు మోశారు. గుంపు అడ్డమైతే పైకప్పు విప్పి పరుపుతో సహా దింపారు. యేసు "వారి విశ్వాసము చూచి" మాట్లాడాడని ఉంది. ఆ రోగి ఏమైనా అడిగాడో లేదో మార్కు రాయలేదు. నాకు ప్రార్థన రాని రాత్రులు, మావారికి మాట రాని రోజులు మీరు చేసింది అదే. మీ విశ్వాసం మీద మేం పడుకున్నాం. పౌలు ఆ శ్రమ గురించి రాసిన చోటే, అనేకులు ప్రార్థిస్తే అనేకులు కృతజ్ఞతలు చెబుతారని కూడా రాశాడు. అందుకే ఇది మా ఇంటి విషయంగా దాచుకోకుండా బహిరంగంగా రాస్తున్నాను.

ఇంకొక్క మాట చెప్పాలి. ఇప్పుడు ఇంటికొచ్చేవాళ్లు "మీ విశ్వాసమే ఆయన్ని బతికించింది సిస్టర్" అంటున్నారు. దయచేసి అలా అనకండి. అదే వార్డులో, మా పక్క మంచం మీద ఉన్న ఆయన తిరిగి రాలేదు. ఆయన భార్య నాకంటే ఎక్కువ ప్రార్థించింది, నేను చూశాను. నా విశ్వాసం పెద్దదనీ, ఆమెది చిన్నదనీ నేను ఏ నోటితో అనగలను? సిలోయం గోపురం కూలి 18 మంది చనిపోయినప్పుడు, వాళ్లు మిగతావాళ్లకంటే పాపులని అనుకుంటున్నారా అని ప్రభువే అడిగాడు. చనిపోయిన తన స్నేహితుడు లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా ప్రభువు కన్నీళ్లు పెట్టుకున్నాడు. నేను నమ్ముకున్నది ఆయన్ని. మావారి చెయ్యి పూర్తిగా వస్తుందో రాదో నాకు తెలియదు. రావాలని రోజూ అడుగుతున్నాను. రాకపోయినా ఈ ఇంట్లో ప్రార్థన ఆగదు.

మావారిని చూడ్డానికి వచ్చేవాళ్లు ఆయనతోనే మాట్లాడండి, నాతో కాదు. ఆయనకు అన్నీ అర్థమవుతాయి, జవాబు రావడానికే టైమ్ పడుతుంది. మధ్యలో మాట అందించకండి. ఇక మా పక్క మంచం ఆయన భార్య, ఆ సిస్టర్ ఇప్పుడు ఇద్దరు పిల్లలతో ఒంటరిగా ఉంటున్నారు. ఆమె ఒప్పుకున్న తర్వాతే ఇది రాస్తున్నాను. ఆసుపత్రి కాగితాలు, బీమా పనులు ఆమెకు తెలియవు. వాటి గురించి తెలిసినవాళ్లు ఎవరైనా ఆమెతో కలిసి ఆఫీసులకు వెళ్లగలిగితే నాకు చెప్పండి, నేను మాట్లాడించి పెడతాను.