ఊడిపోయిన క్యాప్ ముక్కల గురించి, మీ డబ్బుల గురించి

సంక్రాంతి అయిపోయి సకినాల డబ్బాలు ఖాళీ అయ్యేసరికి మా క్లినిక్‌లో క్యూ మొదలవుతుంది, ప్రతి ఏడూ ఇదే. పంటి క్యాప్ మీద పింగాణీ పెచ్చు లేచిపోయిందని వస్తారు, నేను పన్ను రంగు సిమెంట్ పెట్టి నీలం లైట్ కొట్టి పంపిస్తాను. ఈసారి అలా పంపినవాళ్లలో ముగ్గురు తిరిగొచ్చారు. తప్పు సకినాలది కాదు, నాదే. ఎవరో చెప్పగా వినేకంటే నేనే చెప్పడం నయం కదా అని రాస్తున్నాను.

మొదట వచ్చింది ఒక టీచరమ్మ. ముందు పన్ను, లోపల మెటల్ పైన పింగాణీ ఉండే పాత రకం క్యాప్. బుధవారం అతికించాను, ఆదివారం పెళ్లి భోజనాల్లో ఊడి విస్తట్లో పడింది. "ఫోటోలు దిగకముందే పోయింది డాక్టరమ్మా" అని టిష్యూలో చుట్టి తెచ్చి టేబుల్ మీద పెట్టారు. ఆ ముక్కను తిప్పి చూస్తే లోపలి వైపు అద్దంలా నున్నగా ఉంది. సిమెంట్ విరిగితే సగం క్యాప్ మీద మిగలాలి, ఇది మాత్రం స్టిక్కర్ లేచినట్టు మొత్తం లేచొచ్చింది. అంటే అతుకే పడలేదు.

పింగాణీకి సిమెంట్ ఊరికే అతుక్కోదు. ముందు హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ జెల్, మా దగ్గరున్నది 9.5 శాతం, ఒకటి ఒకటిన్నర నిమిషం ఉంచితే పింగాణీలోని గాజు భాగం కొంత కరిగి కంటికి కనపడని గుంతలు పడతాయి. కడిగి ఆరబెట్టాక సైలేన్ అనే ద్రవం రాస్తాం, దాని ఒక కొస పింగాణీని పట్టుకుంటే ఇంకో కొస సిమెంట్‌ని పట్టుకుంటుంది. ఆ సైలేన్ నీళ్లలా తేటగా ఉండాలి. ఆ రోజు సీసా లైట్‌కి పెట్టి చూస్తే లోపల పల్చటి కుడితి రంగు! మూత తీసిన తేదీ సీసా మీద రాయలేదు, ఒక్క చుక్క రాసి చూసుకోలేదు, అలాగే వాడేశాను. రెండో పేషెంట్‌కి కూడా ఇదే సీసా.

మూడో ఆయన కథ వేరు. "సిరామిక్ క్యాప్ అమ్మా" అన్నారు, నేనూ సరే అని యాసిడ్ పెట్టాను. తీరా చూస్తే జిర్కోనియా, అంటే ఇంకో రకం గట్టి సిరామిక్. అందులో గాజే ఉండదు, ఇక యాసిడ్ కరిగించడానికి ఏముంది? దానికి సన్నటి అల్యూమినా పొడిని గాలితో కొట్టి గరుకు చేసి, ఎండీపీ అనే, జిర్కోనియాని పట్టుకునే రసాయనం ఉన్న ప్రైమర్ రాయాలి. నా దగ్గర ఆ పొడి కొట్టే గన్ లేదు, ఇప్పుడు కొన్నాను. అందుకే ఇకనుంచి క్యాప్ పెట్టినప్పుడు ఇచ్చిన వారంటీ కార్డు తెండి, ఇంట్లో ఏ బీరువాలో ఉన్నా సరే. ఈ-మ్యాక్స్ (గాజు ఉండే ఇంకో రకం సిరామిక్) అని రాసుంటే అదీ వేరే లెక్క, 5 శాతం యాసిడ్ 20 సెకన్లు చాలు.

డబ్బుల విషయం. ఆ ముగ్గురికీ మళ్లీ ఉచితంగా చేశాను. రిపేర్ ఛార్జీ 1,200 నుంచి 1,600 చేస్తున్నాను, గన్ ఖర్చుతో పాటు ఒక్కో రిపేర్‌కి ముప్పావు గంట పడుతోంది కాబట్టి. పన్ను చుట్టూ రబ్బరు షీటు వేయకుండా మాత్రం చేయను. "వాంతొచ్చినట్టుంది, అది తీసెయ్యండి" అని అడగకండి, ఆ యాసిడ్ చిగురు మీద పడితే కాలుతుంది, ఉమ్మి తగిలితే అతుకు పోతుంది.

ఇంకో మాట. నమలే పన్ను మీద పెద్ద పెచ్చు పోయినా, లోపల పుచ్చు కనపడినా, క్యాప్ కదులుతున్నా రిపేర్ అడగకండి, కొత్తది వేసుకోవాల్సిందే. రిపేర్ చేసిన చోట పసుపుకి, చాయ్‌కి రంగు పట్టడం కూడా మామూలే, పాలిష్‌కి వస్తే చేస్తాను.

టీచరమ్మది ఈసారి గట్టిగానే ఉంది, కానీ మొన్న అద్దంలో చూసుకుని "పక్క పన్ను కంటే తెల్లగా లేదూ?" అన్నారు. నిజమే. రబ్బరు షీటు వేసి పళ్లు ఆరిపోయాక షేడ్ చూశాను, ఆరిన పన్ను ఉన్నదానికంటే తెల్లగా కనపడుతుంది. శుక్రవారం పిలిచాను, ముందు షేడ్ చూసి ఆ తర్వాతే షీటు వేస్తాను.