విషయం: ఇద్దరు అప్పలస్వాములను ఒక్కరిగా కలిపేసిన వంశ పరిశోధన నివేదికపై ఫిర్యాదు

మేనేజరు గారికి,

ఆర్యా,

1890లో మద్రాసు రేవులో ఓడెక్కి ఇప్పటి దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు ఒప్పంద కూలీగా వెళ్లిన అప్పలస్వామి గారి గురించి మీ సంస్థ ఇచ్చిన నివేదికను, ఊళ్లో ఉండిపోయిన ఆయన తమ్ముడి వంశం వాళ్ల తరఫున మేము సరిచూశాం. మొదటి ఎనిమిది పేజీలు ఆయనవే. తొమ్మిదో పేజీలోని పెళ్లి నమోదు నుంచి చివరిదాకా ఉన్నది ఇంకో మనిషి జీవితం.

1860 నుంచి 1911 దాకా లక్షన్నరకు పైగా కూలీలు నేటాల్‌లో దిగారు. ఒక్కొక్కరికీ ఒక నంబరు. ఏ తోటకు పంపినా, పెళ్లి నమోదైనా, గడువు తీరి బయటికొచ్చినా కాగితాల్లో మనిషిని పోల్చుకునేది ఆ నంబరుతోనే. పేరును నమ్ముకుంటే పని జరగదు. సింహాద్రి అప్పన్న పేరు పెట్టుకోని ఇల్లు ఉత్తరాంధ్రలో తక్కువ. పైగా గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా అప్పల్సామి, అపలసామి అని రాసేవాడు.

మీ నాలుగో పేజీలో ఓడ జాబితా వరుస ఉంది: తండ్రి రామన్న, వయసు 24, జిల్లా గంజాం, తాలూకా చికాకోల్, ఎడమ మోకాలి కింద మచ్చ. తొమ్మిదో పేజీలో పెళ్లి నమోదు ఉంది. అందులో వరుడి నంబరు వేరు, తండ్రి పేరు సన్యాసి. దీన్ని మీవాళ్లు ‘గుమాస్తా పొరపాటు’ అని ఒక్క మాటతో దాటేశారు. పొరపాటు అవునో కాదో తేల్చే దారి ఉంది. పెళ్లి నమోదులోని నంబరును ఓడ జాబితాల్లో వెతకాలి. మేము వెతికాం. ఆ నంబరు మీద వేరే ఓడలో వచ్చిన అప్పలస్వామి ఉన్నాడు. తండ్రి సన్యాసి, తాలూకా పాలకొండ, కుడి మోచేతి మీద కాలిన మచ్చ. ఇంత పని మీరెందుకు చేయలేదు?

మరణ పత్రంలో పుట్టిన చోటు ‘మద్రాసు’ అని ఉండటం రెండో ఆధారమని రాశారు. ఆ రేవు నుంచి వెళ్లిన తెలుగు, తమిళ కూలీల్లో ఎవరి కాగితంలోనైనా ఆ మాట ఉండొచ్చు. దానితో ఊరు తేలదు, మనిషీ తేలడు.

‘నాయుడు’ను ఇంటిపేరుగా తీసుకోవడం ఇంకో తప్పు. ఓడ జాబితాలో ఇంటిపేరుకు గడే లేదు, కులానికి ఉంది. అక్కడి వాళ్ల పేర్ల చివర నాయుడు ఇంటిపేరుగా స్థిరపడింది తర్వాతి రోజుల్లో.

ఇక ఊరి వెతుకులాట. మీ మనిషిని ఇప్పటి ఒడిశాలోని గంజాం జిల్లాకు పంపి, ‘చికాకోల్ అనే చోటు దొరకలేదు’ అని రాసి, దానికి విడిగా సొమ్ము తీసుకున్నారు. చికాకోల్ అంటే శ్రీకాకుళం. 1936లో ఒడిశా ఏర్పడేదాకా అది గంజాం జిల్లాలోనే ఉంది. ఆ తర్వాత విశాఖపట్నం జిల్లాలో కలిసింది, 1950లో శ్రీకాకుళం జిల్లా అయింది. పాత కాగితంలోని జిల్లా పేరును ఆనాటి పటంలో చూడాలి. భూమి విషయంలోనూ ఇలాగే చేశారు. సర్కారు భూమి శిస్తు నిర్ణయించి రాసుకున్న సెటిల్‌మెంటు రిజిస్టరులో పేరు లేదు కాబట్టి కుటుంబానికి సాగు లేదన్నారు. ఆ ఊరు జమీందారీ కిందది. రైతులు నేరుగా సర్కారుకే శిస్తు కట్టే రైత్వారీ గ్రామాల రిజిస్టర్లలో దాని రైతుల పేర్లు ఎలా ఉంటాయి?

చూడాల్సిన కాగితాలేమో చూడలేదు. 1890లో వెళ్లినవాళ్లకు పదేళ్లు నిండితే ఉచితంగా తిరుగు ప్రయాణం హక్కు ఉండేది. 1900 తర్వాత మద్రాసుకు తిరిగొచ్చిన ఓడల జాబితాల్లో అసలు నంబరును వెతకాలి. ఆయన తిరిగి వచ్చారేమో కూడా చూడకుండా అక్కడే పోయారని ఎలా రాశారు?

మీరు రాసిన మరణ తేదీకి తిథి చూపించుకుని ఆ ఇంటివాళ్లు ఈ ఏడాది తద్దినం పెట్టారు. డర్బన్‌లో ఒక కుటుంబాన్ని ‘మా వాళ్లు’ అనుకుని ఉత్తరాలు రాశారు. అవతల వాళ్లూ నమ్మారు. ఇప్పుడు రెండు ఇళ్లకూ నిజం చెప్పాల్సి వస్తోంది. ఆ చెప్పడం మీ బాధ్యత. రాతపూర్వకంగా, క్షమాపణతో చెప్పండి.

తొమ్మిదో పేజీ నుంచి నివేదికను రద్దు చేసి, అసలు నంబరుతో తోట కేటాయింపు, తిరుగు ఓడల జాబితాలు వెతికి, ప్రతి వరుసకూ మూల కాగితం ఫొటో జతచేసి ఉచితంగా మళ్లీ ఇవ్వండి. ఏమీ దొరకకపోతే దొరకలేదనే రాయండి, ఆ కుటుంబం దాన్ని ఒప్పుకుంటుంది. గంజాం వెతుకులాటకు తీసుకున్న సొమ్ము పూర్తిగా వాపసు ఇవ్వండి. ఈ లేఖ అందిన 30 రోజుల్లో ఇవి జరగకపోతే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద ఆ కుటుంబం ఉంటున్న జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేస్తాం.

రెండు ఓడ జాబితా వరుసల నకళ్లు, పెళ్లి నమోదు నకలు దీంతో జతచేశాం.

ఇట్లు,
కుటుంబం తరఫున పరిశీలకులు