గుండె లెక్క తేల్చినవారికి కృతజ్ఞతలు

మొదట మా మేనకోడలికి. వయసులో చిన్నది కనుక నమస్కారం బదులు ఆశీస్సులు చెప్పాలి, కానీ కృతజ్ఞత మాత్రం పెద్దలకు చెప్పినంతా చెబుతున్నాను. తరువాత పరీక్ష చేసిన ల్యాబు అమ్మాయికి, పక్కనే నిలబడిన గుండె డాక్టరుగారికి, ప్రకాశం బ్యారేజీ మీద తెల్లవారుజామున నాతో పరుగెత్తే మిత్రులందరికీ. ఎదురుపడి చెప్పబోతే నాకు మాట పెగలదు. అందుకే నలుగురూ చదివేలా రాస్తున్నాను.

విషయం తెలియనివారి కోసం కొంచెం వివరం. నా వయసు 51. బెజవాడలో రైల్వే ఉద్యోగం. కొంతకాలంగా, బ్యారేజీ మీద చివరి చుట్టు వేగంగా వేసినప్పుడల్లా నా చేతి గడియారం గుండె నిమిషానికి 180 సార్లకు పైగా కొట్టుకుంటున్నట్టు చూపించసాగింది. 220లోంచి వయసు తీసేస్తే 169, అదే నీ హద్దు, అది దాటి ఆడుకుంటున్నావని చూసినవారల్లా హెచ్చరించారు. మా ఆవిడ నా బూట్లు తీసి అటక మీద పెట్టేసింది. నొప్పి లేదు, ఆయాసం మామూలే, కళ్ళు తిరగడం లేదు. అయినా ఒకసారి అంకె మనసులో పడ్డాక వదులుతుందా?

టీఎంటీ, అంటే ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ ఈసీజీ తీసే పరీక్ష, చేయించుకున్నాను. బాగుందన్నారు. అయితే అందులో వయసును బట్టి వేసిన గరిష్ఠంలో 85 శాతం, అంటే నాకు 144, చేరగానే ఆపేశారు. గుండెకు రక్తం సరిగా అందుతోందో లేదో చూడటానికి ఆ పద్ధతి ఉంది, దాన్ని తప్పుపట్టను. నా సందేహం మాత్రం 180 దగ్గర ఉంది.

గుంటూరులో ఫిజియోథెరపీ చదువుతున్న మేనకోడలు అప్పుడు కల్పించుకుంది. "మామయ్యా, ఆ 220 నీ గుండెను చూసి రాసింది కాదు" అంది. 1971లో వచ్చిన ఒక వ్యాసంలో, అప్పటికి ఉన్న కొన్ని పరిశీలనల మీదుగా గీసిన గీత అట అది. 2001లో మరో సూత్రం వచ్చింది: వయసులో పదింట ఏడు వంతులను 208లోంచి తీసేయాలి. దాని ప్రకారం నాకు 172. రెండూ సగటు లెక్కలే. ఒకే వయసువారిలో పది పన్నెండు అటూ ఇటూ ఉండటం సాధారణమట. పైగా మణికట్టు గడియారం ఒక్కోసారి అడుగుల లయను పట్టుకుని దాన్నే గుండె వేగంగా చూపిస్తుంది. కాబట్టి ల్యాబులో శక్తి ఉన్నంతవరకూ పరుగెత్తించి కొలిస్తేగానీ నా గుండె హద్దు తేలదంది. అన్నది అన్నట్టే ల్యాబు వెతికింది, డాక్టరుగారితో మాట్లాడింది, మా ఆవిడను ఒప్పించింది. మూడింటిలో చివరిదే కష్టం.

ఇక ల్యాబు అమ్మాయి ఓపిక. ముక్కూ నోరూ కలిపి మూసే మాస్కు తొడుగుతారు. వదిలే గాలి అంతా యంత్రంలోకే పోవాలి, పక్కనుంచి కొంచెం జారినా లెక్క తప్పుతుంది. నా మీసం దగ్గర జారింది. మీసం తీయించుకుని రావాలా అని అడిగాను, సగం భయంగానే. "వద్దులెండి అంకుల్, ఇంకో సైజు చూద్దాం" అంటూ మాస్కులు మార్చి, పట్టీలు బిగించి, గాలి బయటికి పోయే దారి మూసి నన్ను ఊదమని, ఎక్కడా జారడం లేదని తేలాకే వదిలింది. అంతకుముందే మూడు లీటర్ల పెద్ద సిరంజితో గాలి పంపి, యంత్రం సరిగ్గా మూడే చూపుతోందో లేదో చూసుకుంది. ఎంత ఆక్సిజన్ ఉందో ముందే తెలిసిన సిలిండరు గాలితో మరోసారి సరిచూసింది. త్రాసు సరిచూడకుండా బేరం మొదలుపెట్టని పాతకాలపు కొట్టు యజమానులు గుర్తొచ్చారు.

మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ దాదాపు 21 శాతం, వదిలేదాంట్లో 16, 17 శాతం. ఆ తేడానుబట్టి, ఆడిన గాలి పరిమాణాన్నిబట్టి ఒళ్ళు ఎంత వాడిందో యంత్రం చెబుతుంది. 1923 ప్రాంతంలో ఏ.వి. హిల్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త వీపున సంచి కట్టుకుని, అందులోకి ఊపిరి వదులుతూ తానే పరుగెత్తి ఇదే లెక్క కట్టాడట. ఆయన నోబెల్ గ్రహీత. నాకు సంచి మోసే పని తప్పింది.

ట్రెడ్‌మిల్‌ను ఒక శాతం వాలులో పెట్టారు. గదిలో ఎదురుగాలి ఉండదు కనుక ఆ లోటు దానితో సరిపోతుందట. కృష్ణ మీదనుంచి వీచే గాలి ఎరిగినవాడిగా ఒక శాతం చాలదని నా అభిప్రాయం. ఛాతీ నిండా ఈసీజీ తీగలు, చేతికి రక్తపోటు పట్టీ. మాస్కుతో మాట్లాడలేం కాబట్టి ఎంత కష్టంగా ఉందో 6 నుంచి 20 దాకా అంకెలున్న అట్ట మీద వేలితో చూపాలి. వేగం పెరుగుతూ పోయింది. తెర మీద 169 దాటగానే డాక్టరుగారి వైపు చూశాను. ఆయన తెర మీదనుంచి చూపు తిప్పకుండానే కానివ్వమన్నట్టు తల ఊపారు. నా కృతజ్ఞతలో సగం ఆ తల ఊపుకే.

183 దగ్గర ఇక చాలని చెయ్యి ఊపాను. ఈసీజీలో తేడా ఏమీ రాలేదు. గడియారం అబద్ధం చెప్పలేదు, సూత్రమే నాకు సరిపడలేదు. ఒళ్ళు వాడిన ఆక్సిజన్ కిలో బరువుకు నిమిషానికి 44 మిల్లీలీటర్లు. నేను 68 కిలోలు, అంటే నిమిషానికి సుమారు మూడు లీటర్లు. చివర్లో వదిలిన కార్బన్ డయాక్సైడ్ తీసుకున్న ఆక్సిజన్‌కు 1.1 రెట్లు దాటింది కనుక నిజంగా శక్తి అంతా పెట్టాకే ఆగానని కాగితమే సాక్ష్యం చెప్పింది. ఆ వరుస మా ఆవిడకు ప్రత్యేకంగా చూపించాను. బూట్లు కిందికి దిగాయి.

ఆ సాయంత్రం మేనకోడలు కాగితాలు నేల మీద పరిచి విడమరచి చెప్పింది. నా ఊపిరి రెండుచోట్ల మలుపు తిరిగిందట, అంటే అంతవరకూ ఉన్న తీరుకంటే జోరుగా పెరిగిందట, గుండె వేగం 142 దగ్గర ఒకసారి, 165 దగ్గర ఒకసారి. మొదటిదానికి లోపల కబుర్లు చెప్పుకుంటూ చాలాసేపు పరుగెత్తవచ్చు. రెండోది దాటితే కొద్ది నిమిషాల వ్యవహారమే. ఇకమీదట నా పరుగంతా ఈ రెండు అంకెలను బట్టే. 183 నా ఒక్కడిదే సుమా, దాన్ని ఎవరూ అరువు తీసుకోవద్దు. ఛాతీలో ఏమాత్రం ఇబ్బంది ఉన్నా ముందు డాక్టరు, తరువాతే పరుగు.

మిత్రులారా, బ్యారేజీ 1,223 మీటర్ల పొడవు. పరుగెత్తేవాడికి ఎంతసేపూ పట్టదు, నడిచేవాడికి మాత్రం తరగదు. నాకు పరుగు కూడదన్న రోజుల్లో మీలో కొందరు సొంత పరుగు మానుకుని నాతో నడిచారు. అడగకుండానే వంతులు వేసుకున్నారని తరువాత తెలిసింది. 169 అంటూ అందరికంటే గట్టిగా హడలగొట్టిన మిత్రుడికి కూడా ధన్యవాదాలు. నువ్వు అంతగా బెదిరించకపోతే నేను ల్యాబు గడప తొక్కేవాడిని కాదు.

ఈ ఆదివారం సీతానగరం వైపు చివర అందరికీ టిఫిను నా ఖర్చు. పందేలు మాత్రం పెట్టకండి, ఆ రోజు నాకు 142 లోపలే.