రోజుకు 30 యూరోలన్న ఆ కారు గురించి

హైదరాబాద్,
ఆదివారం.

ప్రియమైన శ్రీనివాస్,

నీ ఉత్తరమూ, దానితో జతచేసిన అద్దె కార్ల ధరల కాగితమూ అందాయి. మిలాన్ విమానాశ్రయంలో కారు తీసుకుని, కోమో సరస్సు చూసుకుని, కొండలు దాటి స్విట్జర్లాండ్‌లోకి వెళ్లి, చివరికి జ్యూరిక్‌లో కారు అప్పగించి విమానం ఎక్కాలన్న మీ ఆలోచన వినడానికి ఎంతో బాగుంది. అద్దె రోజుకు 30 యూరోలేనని కింద గీత గీసి మరీ రాశావు. ముందు ఆ 30 సంగతే మాట్లాడుకుందాం, ఎందుకంటే నీ కార్డు మీద చివరికి పడే మొత్తానికీ ఆ అంకెకూ దూరపు చుట్టరికమే తప్ప మరేమీ ఉండదు.

అన్నిటికన్నా పెద్ద ఖర్చు ఆ కాగితంలో కనబడనే లేదు. ఇటలీలో తీసుకున్న కారును స్విట్జర్లాండ్‌లో వదిలేస్తే, ఆ ఇటలీ నంబరు కారును ఎవరో ఒకరు మళ్లీ మిలాన్ చేర్చాలి కనుక దానికి వేరే రుసుము వేస్తారు. అది వందల యూరోల్లో ఉండటం మామూలే, కొన్నిసార్లు మొత్తం అద్దెనే మించిపోతుంది. సరిహద్దు దాటడానికి కూడా కొన్ని సంస్థలు ముందుగా అనుమతి తీసుకోమంటాయి, దానికీ డబ్బు అడుగుతాయి. చెప్పకుండా దాటితే బీమా చెల్లదని ఒప్పందంలోనే రాసి ఉంటుంది. పైగా స్విస్ మోటార్‌వేల మీద వెళ్లే ప్రతి కారుకూ విన్యెట్ అనే పన్ను చీటీ ఉండాలి. దాని ధర 40 ఫ్రాంకులు, ఏడాది చీటీ తప్ప వేరే రకం లేదు కనుక నువ్వు ఒక్క రోజు తిరిగినా అంతే కట్టాలి, లేకుండా దొరికితే 200 ఫ్రాంకుల జరిమానా కట్టి చీటీ కూడా కొనుక్కోవాలి. స్విట్జర్లాండ్‌లోనే తీసుకున్న అద్దె కారుకు అది ముందే ఉంటుంది, మిలాన్ కారుకు సాధారణంగా ఉండదు. నన్నడిగితే ఇటలీ కారును ఇటలీలోనే అప్పగించేసి, మిలాన్‌లో రైలెక్కి స్విట్జర్లాండ్ వెళ్లండి. ఇంటర్‌లాకెన్ చుట్టుపక్కల అసలు కారుతో పని లేదు. అమ్మగారికి చూపించాలని నువ్వు రాసిన వెంగెన్, మ్యూరెన్ ఊళ్లలోకి పర్యాటకుల కార్లను రానే రానివ్వరు, రైలో కేబుల్ కారో ఎక్కవలసిందే.

ఇక బీమా విషయం, దీన్ని కాస్త నిదానంగా చదువు. అమెరికాలో ఉన్న మీ అన్నయ్య, కౌంటర్ దగ్గర ఏ ఇన్సూరెన్స్ అంటగట్టబోయినా వద్దని చెప్పేయమన్నాడని రాశావు. ఆయన మటుకు ఆయనకు అది సబబే కావచ్చు, ఎందుకంటే అక్కడ సొంత కారుకు కట్టే పాలసీ చాలాసార్లు అద్దె కారుకు కూడా వర్తిస్తుంది. హనుమకొండలో నీ కారుకు నువ్వు కట్టే పాలసీ ఇటలీలో చిత్తు కాగితంతో సమానం. ఐరోపాలో ఎదుటివారికి జరిగే నష్టానికి బీమా చట్టప్రకారం తప్పనిసరి కనుక అది అద్దెలోనే కలిసి వస్తుంది. నువ్వు నడిపే కారుకు జరిగే నష్టానికి సీడీడబ్ల్యూ అనే రక్షణను కూడా చాలావరకు కలిపే ఇస్తారు, కాని దాని వెనక ఎక్సెస్ అని ఒకటి నక్కి ఉంటుంది. నష్టంలో మొదటి ఇంత సొమ్ము నువ్వే భరించాలన్న షరతు అది. ఎక్సెస్ 1,500 యూరోలనుకో. తలుపు మీద పడిన గీతకు 600 బిల్లు వేస్తే ఆ 600 మొత్తం నీదే, 5,000 యూరోల దెబ్బ తగిలితే 1,500 నీది, మిగిలినది వాళ్లది. టైర్లు, అద్దాలు, కారు అడుగుభాగం, పోగొట్టుకున్న తాళం, డీజిల్ కారులో పొరపాటున పోసిన పెట్రోలు, ఇవేవీ సాధారణంగా ఆ రక్షణలోకి రావు.

కౌంటర్‌లోని అమ్మాయి అడిగేది ఈ ఎక్సెస్ గురించే. రాత్రంతా విమానంలో కూర్చుని దిగి, సామాను ఈడ్చుకుంటూ, బాబు నిద్ర కోసం ఏడుస్తుండగా వరుసలో నిలబడి ఉంటావు. ఆమె ఎంతో మర్యాదగా, రోజుకు ఇంత కడితే ఎక్సెస్ సున్నా అవుతుందని చెబుతూ తెరను నీ వైపు తిప్పుతుంది. ఆ ప్యాకేజీ ధర అద్దెతో సమానంగా ఉండటమూ, ఒక్కోసారి దాన్ని దాటిపోవడమూ నేను చూశాను. అది మోసమని నేను అనను, కాని ఆ నిర్ణయం తీసుకోవలసిన చోటు ఆ కౌంటర్ కాదు, నీ ఇల్లు. బుకింగ్ సమయంలోనే అదే సంస్థ దగ్గర సున్నా ఎక్సెస్ ధర ఎంతో చూసుకో. ఎక్సెస్‌కు మాత్రమే విడిగా పాలసీలు అమ్మేవాళ్లు కూడా ఉన్నారు, వాటి ధర తక్కువే. అయితే వాటిలో కొన్నిటిని మన దేశంలో నివసించేవారికి అమ్మరు, పైగా గీత పడితే ముందు నువ్వు చేతి నుంచి కట్టి, తర్వాత కాగితాలు పంపి తిరిగి రాబట్టుకోవాలి. రోడ్డుకు కుడివైపున మొదటిసారి నడపబోతున్నావు, వెనక సీట్లో అమ్మగారు ఉంటారు కనుక నీ స్థానంలో నేనైతే సంస్థవారి పూర్తి రక్షణే ముందుగా తీసుకుంటాను. అలా తీసుకుంటే, కౌంటర్‌లో సంతకం పెట్టే ముందు అదే రక్షణను రెండోసారి చేర్చారేమో ఒక్కసారి చూసుకో.

సంతకం కాగానే డిపాజిట్ పేరుతో నీ క్రెడిట్ కార్డు మీద కొంత సొమ్మును ఆపి ఉంచుతారు. ఎక్సెస్ ఎంత ఉంటే అంత ఆపడం కద్దు, కనుక ఆ మేరకు కార్డు పరిమితి ఖాళీగా ఉండాలి, కార్డు మీద కారు నడిపేవారి పేరే ఉండాలి. డెబిట్ కార్డు చాలా చోట్ల చెల్లదు. మన బ్యాంకులు విదేశీ ఖర్చుల మీద సాధారణంగా 3.5 శాతం మార్కప్ వేస్తాయి, ఆ మార్కప్ మీద 18 శాతం జీఎస్టీ; రెండూ కలిపితే 4.13 శాతం. ఈ మార్కప్ లేని కార్డు ఉంటే అదే పట్టుకెళ్లు. చెల్లించేటప్పుడు యంత్రం రూపాయల్లోనా యూరోల్లోనా అని అడిగితే యూరోలే నొక్కు, రూపాయలు నొక్కితే మారకం ధరను బ్యాంకుకు బదులు వాళ్లు నిర్ణయిస్తారు.

అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఇటలీలో తప్పనిసరి. కేంద్ర నిబంధనల ప్రకారం దాని రుసుము 1,000 రూపాయలు, చెల్లుబాటు ఏడాది. నేను ఖైరతాబాద్‌లో తీసుకున్నాను, నువ్వు మీ ఆర్టీఏ కార్యాలయంలో తీసుకోవచ్చు. దానితో పాటు అసలు లైసెన్సు కార్డు చేతిలో ఉండాలి, ఫోన్‌లో డిజిలాకర్ చూపిస్తే కౌంటర్‌లో ఒప్పుకోరు. చెల్లెమ్మ కూడా నడుపుతానందని రాశావు కదా, అలాగైతే ఆమెకూ పర్మిట్ కావాలి, ఒప్పందంలో ఆమె పేరు చేర్చినందుకు రోజువారీ రుసుము ఉంటుంది. పేరు చేర్చకుండా ఆమె చేతికి స్టీరింగ్ ఇవ్వవద్దు, ఆ క్షణంలో బీమా అంతా పోయినట్టే. ఆటోమేటిక్ గేర్ కారుకు అద్దె కొంత ఎక్కువైనా అదే తీసుకో. కుడిచేత్తో గేర్లు మారుస్తూ కొత్త వైపున నడపడం కోమో గట్టున ఉన్న ఆ ఇరుకు దారుల్లో నీకు వద్దు. బాబు 150 సెంటీమీటర్ల లోపే ఉన్నాడు కనుక అక్కడి చట్టం ప్రకారం పిల్లల సీటు కూడా అద్దెకు తీసుకోవాలి.

మా తోడల్లుడి అనుభవం ఒకటి చెప్పాలి. ఆయన ఫ్లోరెన్స్‌లో హోటల్ వెతుక్కుంటూ పాత నగరంలోని పరిమిత వాహన ప్రాంతంలోకి కారు తిప్పాడు. ఎర్ర అంచు ఉన్న తెల్లటి గుండ్రని బోర్డు, దాని పక్కన ‘వార్కో అత్తీవో’ అని వెలిగే అక్షరాలు కనబడితే ఆ ద్వారం అప్పుడు మూసి ఉన్నట్టు, కాని అక్కడ గేటూ ఉండదు, పోలీసూ ఉండడు, ఒక కెమెరా ఉంటుంది. ఇంటికొచ్చిన కొన్నాళ్లకు అద్దె సంస్థ ఆయన వివరాలు పోలీసులకు ఇచ్చినందుకు తన రుసుమును కార్డు నుంచి తీసుకుంది. అది జరిమానా అనుకుని ఊరుకున్నాడు. అసలు జరిమానా మరికొన్ని నెలలకు కూకట్‌పల్లి ఇంటికి వచ్చింది. విదేశాల్లో ఉండేవారికి నోటీసు పంపడానికి ఇటలీ చట్టం 360 రోజుల గడువు ఇస్తుంది. మిలాన్ నడిబొడ్డున ఉన్న ఏరియా సీ అనే రుసుము ప్రాంతంలోకి సోమవారం నుంచి శుక్రవారం వరకు పగటిపూట ప్రవేశించడానికి 7.50 యూరోలు కట్టాలి. హోటల్ దాని లోపల ఉంటే, నగరంలో ఉన్నన్ని రోజులూ మెట్రోలో తిరిగి, బయలుదేరే రోజు ఉదయం కారు తీసుకో; పార్కింగ్ ఖర్చూ తప్పుతుంది.

టోల్ దగ్గర ఒక్క మాట. మన ఔటర్ మీద ఫాస్టాగ్‌తో దూసుకెళ్లే అలవాటులో పసుపు రంగు టెలిపాస్ (అక్కడి ఫాస్టాగ్ లాంటిది) వరుసలోకి వెళ్లకు, నీలం బోర్డున్న కార్డుల వరుసలో ఆగు. ఇంధనం విషయంలో నిండా ఇచ్చి నిండా తీసుకునే షరతునే ఎంచుకో, అప్పగించే ముందు సెల్ఫ్ సర్వీస్ పంపులో నింపితే మనిషి పోసే పంపు కన్నా చవక.

కారు తాళం ఇచ్చాక వెంటనే బయలుదేరకుండా, నాలుగు చక్రాల రిమ్ములూ, ముందు అద్దమూ, పైకప్పూ, ఇంధనం ముల్లూ, తిరిగిన కిలోమీటర్లూ కనబడేలా ఫోన్‌లో వీడియో తీయి. వాళ్లు చూపించే గీతల పటంలో లేని గీత ఏదైనా ఉంటే అక్కడే రాయించు. అప్పగించేటప్పుడు కూడా అలాగే తీసి, సంస్థ మనిషి చేత సరిచూసిన కాగితం తీసుకో. అద్దె రోజు అంటే 24 గంటలు కనుక ఉదయం పదికి తీసుకున్న కారును పన్నెండుకు ఇస్తే మరో రోజు అద్దె పడవచ్చు. ఆపి ఉంచిన డిపాజిట్ తిరిగి విడుదల కావడానికి కొన్ని రోజులు పడుతుంది, అందువల్ల జ్యూరిక్ ఖర్చులకు వేరే కార్డు ఉంచుకోవడం మంచిది.

మిలాన్‌లోనే అప్పగించే లెక్కతో, సున్నా ఎక్సెస్‌తో, ఆటోమేటిక్ కారుకు, రెండో డ్రైవరునూ పిల్లల సీటునూ కలిపి మొత్తం ఎంతవుతుందో చూసి నాకు పంపు. డబ్బు కట్టే ముందు షరతుల పేజీ ఇద్దరం కూర్చుని చదువుదాం. అమ్మగారికి నా నమస్కారాలు, చెల్లెమ్మకూ బాబుకూ నా ఆశీస్సులు.

నీ,
రామ్మోహన్